రెండు అంగుళాలు ఎత్తించిన థార్ నల్లరేగడిలో కూరుకుపోయింది - ఎక్కడ పొరపాటు చేశాను?

గచ్చిబౌలి_థార్
2021 మహీంద్రా థార్, డీజిల్, మాన్యువల్ గేర్లు, 18 అంగుళాల చక్రాలు. మూడు నెలల క్రితం రెండు మార్పులు చేయించాను. ముందూ వెనుకా స్పేసర్లు (స్ప్రింగుల దగ్గర పెట్టే దిమ్మెలు) పెట్టించి రెండు అంగుళాలు ఎత్తించాను. కంపెనీ టైర్లు తీసేసి అదే కొలతలో ఏటీ టైర్లు (ఆల్ టెరైన్, తారుకూ మట్టికీ పనికొచ్చేవి) వేయించాను. ఎత్తించిన షాపులో "ఇక ఈ బండికి అడ్డు లేదు సార్" అన్నారు. నేనూ నమ్మాను.

పోయిన ఆదివారం ముగ్గురం రెండు బండ్లలో వికారాబాద్ దాటి తాండూరు వైపు ఒక మట్టిదారి పట్టాం. ముందురోజు రాత్రి వాన పడింది. మొదట ఎర్రమట్టి, మొరం. బండి హాయిగా పోయింది. రెండు కిలోమీటర్ల తర్వాత నేల నల్లబడింది. చూడటానికి చదునుగా, మెరుస్తూ ఉంది. ఫోర్ హైలోనే (నాలుగు చక్రాలకూ శక్తి, మామూలు వేగం) దిగాను. ముప్పై మీటర్లు కూడా పోలేదు. స్టీరింగ్ ఎటు తిప్పినా బండి తనకు నచ్చిన వైపే జారి, పక్కనున్న కంది చేలోకి ఒరిగింది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ దిగబడింది. టైర్ల మీద గాడులు కనిపించలేదు, నాలుగు నల్లటి మట్టి ముద్దలు తిరుగుతున్నట్టు ఉంది. పావుగంటకు క్లచ్ కాలిన వాసన మొదలైంది.

వెనక బండితో లాగించాం. లారీ సామాన్లకు కట్టే నైలాన్ తాడు, బండి అడుగున చేతికి అందిన ఒక ఇనుప కన్నానికి ముడి వేశాం. కన్నం వంగింది, తాడు తెగి కొరడాలా వెనక్కి వచ్చి బానెట్ మీద కొట్టింది. మావాడు అంతకు నిమిషం ముందు అక్కడే నిలబడి ఉన్నాడు. తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడుతున్నాయి. చివరికి ఊరి నుంచి ట్రాక్టర్ వచ్చి లాగింది. చేను గట్టు రెండు చోట్ల తెగింది.

బండిది తప్పు అనడం లేదు. ఎక్కడెక్కడ పొరపాటు చేశానో తెలిసినవాళ్లు చెప్పండి. జనవరిలో రాళ్ల దారికి వెళ్లాలని ఉంది. అప్పటికి ఇంకేం మార్పులు చేయించాలి?

పాతజిప్సీ
ఇంకేం చేయించాలి అని కాదు, ఏం నేర్చుకోవాలి అని అడగండి. వాన పడిన మర్నాడు నల్లరేగడిలోకి దిగడం మొదటి పొరపాటు. తక్కినవన్నీ దాని పిల్లలు.

నేలగుణం
జిప్సీ గారి మాటే కొంచెం విడమర్చి చెబుతాను.

హైదరాబాద్ చుట్టూ ఒకే రకం నేల లేదు. నగరం నిలబడ్డది గ్రానైట్ మీద. తూర్పున భువనగిరి వైపూ, దక్షిణాన ఇబ్రహీంపట్నం, యాచారం వైపూ ఎక్కువగా ఎర్ర నేలలు, మొరం, బండరాళ్లు. వాన నీరు త్వరగా ఇంకుతుంది, మర్నాటికి దారి తిరిగి గట్టిపడుతుంది. పడమరగా వెళ్లేకొద్దీ నేల మారుతుంది. అనంతగిరి గుట్ట పైన ఎర్రటి జేగురు రాయి, దిగువన తాండూరు, జహీరాబాద్ వైపు నల్లరేగడి. అందులోని బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం చెయ్యి దూరేంత పగుళ్లు ఇస్తుంది. ఏప్రిల్‌లో అదే దారి మీద మామూలు కారు కూడా పోతుంది. ఆగస్టులో ట్రాక్టర్ డ్రైవర్ కూడా ఆలోచించి దిగుతాడు.

ఒక చిన్న పరీక్ష ఉంది. బండి ఆపి దిగండి. చెప్పులతో పది అడుగులు నడవండి. అడుగడుగుకూ చెప్పు బరువెక్కుతూ, పదో అడుగుకు కాలు ఎత్తడమే కష్టమైతే మీ టైరుకూ అదే జరగబోతోంది. నేను ఇది దాటవేసిన రోజు ఒక్కటీ లేదు.

కూకట్‌పల్లి_జిమ్నీ
ఫోర్ హైలో దిగడం కూడా పొరపాటే కదా? ఫోర్ లోలో (నాలుగు చక్రాలకూ శక్తి, నెమ్మదిగా, ఎక్కువ బలంతో) సెకండ్ గేరు వేసుకుని, ఒకే వేగంతో, కాలు కదపకుండా పోయి ఉంటే క్లచ్ అయినా మిగిలేది.

పాతజిప్సీ
క్లచ్ మిగిలేది, నిజమే. బండి మాత్రం అక్కడే ఆగేది. మెత్తటి మట్టిలో కొంత ఊపు కావాలి కాబట్టి ఫోర్ హై పట్టుకునేవాళ్లూ ఉన్నారు. నా అనుభవంలో ఆ నేలలో గేరు కంటే నిర్ణయం ముఖ్యం. దిగాలా, వెనక్కి తిరగాలా అన్నది.

ఎత్తుబండి
అందరూ ఎత్తించడాన్ని దొంగను చూసినట్టు చూస్తున్నారు. నాది ఎత్తించిన బండే. నాలుగేళ్లుగా తిప్పుతున్నాను. ఎత్తు వల్ల బండి పొట్ట రాయికి తగలదు, గుంతలో ముందు భాగం ఆనదు. గచ్చిబౌలి గారి ఇబ్బంది మట్టితో వచ్చింది, స్పేసర్‌తో కాదు.

షెడ్డు_పనిమంతుడు
ఎత్తుబండి గారూ, మీ మాటలో సగం ఒప్పుకుంటాను. తక్కిన సగం కోసం బండి కిందకు దూరి చూడాలి. నేను రోజూ చూసేది అదే కనుక చెబుతున్నాను.

కొత్త థార్‌కు ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (చక్రాలు వేటికవే కదులుతాయి), వెనక నిండు ఇరుసు (రెండు చక్రాలూ ఒకే దూలానికి). స్పేసర్ పెడితే ఛాసిస్ లేస్తుంది, ముందు డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల పెట్టె) దానితోపాటే లేస్తుంది. వెనక డిఫరెన్షియల్ గుండు మాత్రం ఇరుసుతో కలిసి చక్రాల మధ్య ఎక్కడుందో అక్కడే ఉంటుంది. కంపెనీ చెప్పే 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్‌ను చూసి, దానికి మరో 50 కలిపి లెక్క వేసుకుంటే ఆ గుండే మొదట రాయికి తగులుతుంది. దాన్ని ఎత్తేది ఒక్కటే, టైరు. అదీ టైరు వ్యాసం ఎంత పెరిగిందో అందులో సగమే.

ఇక ముందు వైపు. ఛాసిస్ లేచింది కాబట్టి, డిఫరెన్షియల్ నుంచి చక్రానికి వెళ్లే షాఫ్ట్ ఏటవాలుగా వంగి ఉంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, చక్రం గుంతలో వేలాడుతున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ఆ జాయింటు మీద ఎంత భారం పడుతుందో ఊహించండి. రబ్బరు బూటు చిరిగి గ్రీజు చిమ్మిన బండ్లు నా షెడ్డుకు వస్తూనే ఉంటాయి. రెండు అంగుళాలు చాలా బండ్లు తట్టుకుంటాయి, కాదనను. కానీ ఎత్తించిన తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించారా? బ్రేకు గొట్టాలు చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బిగుసుకుంటున్నాయా అని ఎవరైనా చూశారా?

గచ్చిబౌలి_థార్
అలైన్‌మెంట్ చేయించలేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద 90 దాటితే బండి కొంచెం ఊగుతున్నట్టు ఉంటుంది. కొత్త టైర్ల వల్ల అనుకున్నాను. నిన్నటి నుంచి 80 దగ్గరే స్టీరింగ్ వణుకుతోంది కూడా.

షెడ్డు_పనిమంతుడు
ఊగడానికి అలైన్‌మెంట్ చూపించండి. వణుకుకు మాత్రం ముందు చక్రాలు విప్పి లోపలి వైపు చూడండి. ఆ నల్లమట్టి రిమ్ము లోపల ఒక పక్కన గట్టిపడి సిమెంటు ముద్దలా కూర్చుని ఉంటుంది. దానితోనే బ్యాలెన్స్ పోతుంది. ఒక కర్ర, బకెట్ నీళ్లు చాలు. రేడియేటర్ ముందూ, బ్రేకుల దగ్గరా కూడా కడగండి. ఎండిన మట్టి బ్రేకు ప్యాడ్‌ను ఆకురాయిలా తినేస్తుంది.

గచ్చిబౌలి_థార్
ఇప్పుడే విప్పించి చూశాను. కుడి ముందు చక్రంలో అరచేయంత మందాన పట్టి ఉంది! రాలగొట్టి తూకం వేస్తే కిలోకు దగ్గరగా వచ్చింది. వణుకు పోయింది. వేల వేల కృతజ్ఞతలు.

గాలిగేజి
అసలు విషయం ఎవరూ అడగలేదు. ఆ రోజు టైర్లలో గాలి ఎంత ఉంది?

గచ్చిబౌలి_థార్
బయలుదేరే ముందు బంకులో 32 పీఎస్‌ఐ పెట్టించాను. దారిలో తగ్గించలేదు.

గాలిగేజి
అదే అనుకున్నాను. తారు రోడ్డు దిగగానే చేయాల్సిన మొదటి పని గాలి తగ్గించడం. మొరం, రాళ్ల దారికి 20-22, మెత్తటి ఇసుకకు 15-18. గాలి తగ్గితే టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, రాయి చుట్టూ అరచేయిలా ముడుచుకుని పట్టుకుంటుంది. లోపల మన నడుములు కూడా బతుకుతాయి. పదిహేను దిగువకు పోతే మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది, కొత్తవాళ్లు అటు పోవద్దు.

తగ్గించిన గాలితో వేగంగా వెళ్లకూడదు. తిరిగి తారు ఎక్కేముందు నింపుకోవాలి. అందుకే చిన్న కంప్రెసర్ కొనండి, నేరుగా బ్యాటరీకి క్లిప్పులు పెట్టేది. సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టేవి టైరు నిండేలోపు వేడెక్కుతాయి, పెద్దవైతే ఫ్యూజు ఎగురుతుంది.

మరో మాట. 18 అంగుళాల రిమ్ము అందంగా ఉంటుంది, గాలి తగ్గించడానికి అంత మంచిది కాదు. థార్‌కే వచ్చే 16 అంగుళాల చక్రం 245/75 కొలత, అంటే వెడల్పు 245 మిల్లీమీటర్లు, పక్కగోడ అందులో 75 శాతం. లెక్క వేస్తే దాని పక్కగోడ ఎత్తు దాదాపు 184 మిల్లీమీటర్లు. మీ 255/65 ఆర్18 పక్కగోడ 166 మాత్రమే. ఆ 18 మిల్లీమీటర్ల రబ్బరే రాతికీ రిమ్ముకూ మధ్య మీకున్న మెత్త. జనవరి రాళ్ల దారికి మీరు డబ్బు పెట్టదలిస్తే, దీని మీద పెట్టండి.

పాతజిప్సీ
గాలిగేజి గారి మాట రాళ్లకు, ఇసుకకు అక్షరాలా నిజం. తడి నల్లరేగడికి మాత్రం గాలి తగ్గించినా పెద్దగా ఒరిగేది లేదు. అక్కడ టైరు గాడులు మట్టితో నిండిపోతాయి, ఏ టైరైనా నున్నటి టైరే. అందులో వెడల్పు టైరు ఇంకా తేలుతుంది, ఇంకా జారుతుంది. పాత రోజుల్లో సన్న టైర్లు అడుగునున్న గట్టి పొర దాకా దిగి పట్టు దొరకబుచ్చుకునేవి.

కూకట్‌పల్లి_జిమ్నీ
సన్న టైర్లంటే నావి! 195/80 ఆర్15. పైగా బండి బరువు 1,200 కిలోలు. థార్ దిగబడినంత లోతుకు దిగడానికి నా బండికి బరువే లేదు.

ఎత్తుబండి
జిమ్నీని గాలి వీస్తే గట్టు మీద పెట్టేస్తుంది, ట్రాక్టర్ ఎందుకు :)

కూకట్‌పల్లి_జిమ్నీ
మరి మీ బండిని లాగడానికి పోయినసారి వచ్చిందెవరు? ఇదే జిమ్నీ.

ఎత్తుబండి
అది ఒప్పుకోవాల్సిందే. ఆ రోజు చాయ్ కూడా నేనే తాగించాను.

లాగుడుతాడు
మీరు నవ్వుకుంటున్నారు, నాకు ఆ తాడు తెగిన మాట చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. మొత్తం చర్చలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. బండి చెడితే బాగుచేయించుకోవచ్చు.

లాగడానికి కట్టే చోటు ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన, అంత బరువుకు తయారైన కొక్కెమే అయి ఉండాలి. అడుగున కనిపించే కన్నాలు కొన్ని లారీ మీద బండిని కట్టి తెచ్చేటప్పుడు బిగించడానికి ఇచ్చినవి, బురద నుంచి లాగడానికి కాదు. ట్రాలీ తగిలించే ఇనుప గుండుకు తాడు ఎప్పుడూ వేయవద్దు. అది విరిగితే తుపాకీ గుండే.

తాళ్లు రెండు రకాలు. సాగే తాడు ఊపుతో లాగడానికి. సాగని పట్టీ నెమ్మదిగా, బిగుతుగా ఉంచి లాగడానికి. సాగని పట్టీని వదులుగా వదిలి పరుగెత్తించి ఒక్క కుదుపు ఇస్తే ఆ దెబ్బంతా కొక్కెం మీద, ఛాసిస్ మీద పడుతుంది. మీ నైలాన్ సామాన్ల తాడు ఎంత బరువుకు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు, దానికి ముడి వేస్తే ఉన్న బలం కూడా తగ్గుతుంది. ముడి వద్దు, షాకిల్ (తాడును కొక్కేనికి తగిలించే ఇనుప బిగింపు) వాడండి.

లాగే ముందు పార తీయండి. చక్రాల ముందు మట్టి, ఇరుసు కింద మట్టి తవ్వండి. పది నిమిషాల పార పని లాగాల్సిన బలాన్ని సగానికి తెస్తుంది. తాడు మధ్యలో బరువైన దుప్పటో, తడిపిన గోనెసంచో వేయండి, తెగితే కింద పడుతుంది. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో మనుషులెవరూ ఉండకూడదు. బిగిసిన తాడు మీదుగా ఎవరూ దాటకూడదు. నడిపే ఇద్దరు తప్ప బండ్లలో కూడా ఎవరూ వద్దు.

మీ స్నేహితుడు ఆ నిమిషం ముందు పక్కకు జరగడం అదృష్టం. అదృష్టం రెండోసారి రాకపోవచ్చు.

గచ్చిబౌలి_థార్
మీ పోస్టు మావాడికి చదివి వినిపించాను. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తాడు, రెండు షాకిళ్లు, పార ఈ వారమే కొంటాను. విన్చ్ (బండి ముందు బిగించే, తాడు చుట్టి లాగే మోటారు) అవసరమా?

లాగుడుతాడు
ఒంటరిగా తిరిగేవాళ్లకు అవసరం. మీరు ఒంటరిగా తిరగకండి. మరో ఫోర్ వీల్ డ్రైవ్ బండి తోడుంటే, ముందు మూడేళ్లు మీకు విన్చ్ అక్కర్లేదు. పైగా విన్చ్ బరువంతా ముందు ఇరుసు మీద పడుతుంది, స్ప్రింగులు కుంగుతాయి, మళ్లీ వాటిని మార్చాలంటారు. ఒకటి మరొకదాన్ని పిలుస్తుంది.

చేవెళ్ల_చేను
నేను బండ్ల మనిషిని కాదు. మా అబ్బాయి ఈ చర్చ చూపిస్తే చదివాను. ఇంతమంది ఇన్ని మాటలు రాశారు. చేను గట్టు రెండు చోట్ల తెగింది అన్న వాక్యం దగ్గర ఒక్కరూ ఆగలేదు.

గట్టు అంటే మట్టి కుప్ప కాదు. నల్లరేగడిలో గట్టు నిలబెట్టడానికి ఏళ్లు పడుతుంది. గడ్డి వేళ్లు పట్టి, తొక్కి తొక్కి గట్టిపడుతుంది. అది తెగిన చోట తర్వాతి వానకు నీరు ఒక్కచోటే పారి, పై మట్టిని కోసుకుపోతుంది. కంది చేలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లి మొక్క వాడిపోతుంది. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. ఆ పప్పు పండేది మీ చక్రాలు దొర్లిన ఆ నేలలోనే. చక్రాల కింద తడి రేగడి ఒత్తుకుపోతే ఆ చాళ్లలో మరుసటి దుక్కికి నాగలి దిగదు, ఇటుకల్లా పెళ్లలు లేస్తాయి.

మీకు అది దారిలా కనిపించింది. మాకు అది బండ్ల బాట, ఎడ్లబండి, ట్రాక్టర్ చేలోకి పోవడానికి మేమందరం మా చేల అంచుల నుంచి తలా కొంత వదిలి వేసుకున్నది. వానాకాలంలో మేమే దాన్ని తొక్కం, గాళ్లు పడితే మాకే కష్టం కనుక. రావద్దని చెప్పడం లేదు. ఊళ్లోకి రాగానే అడగండి. రచ్చబండ దగ్గర ఎవరో ఒకరు ఉంటారు. ఏ బాట ఎవరిది, ఎక్కడ నీరు నిలిచి ఉంది, మీ ఫోనులోని పటం కంటే వాళ్లకు బాగా తెలుసు.

పాతజిప్సీ
పెద్దాయన మాటకు తలవంచుతున్నాను. ముప్పై ఏళ్లుగా నడుపుతున్న నేను కూడా ఆ వాక్యం దాటి పోయాను. అది తప్పే.

గచ్చిబౌలి_థార్
నాకు సమాధానం లేదు. ట్రాక్టర్ డబ్బులు ఇచ్చాం, గట్టు సంగతి అడగలేదు. ఈ ఆదివారం అక్కడికి వెళ్తాను.

నేలగుణం
బస్సులో వెళ్లండి, లేదా తారు రోడ్డు మీదే బండి ఆపి నడవండి. ఈ వారం కూడా వానలే.

ఫైలుమనిషి
మార్పుల సంగతి వచ్చింది కనుక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ముందు కట్టే ఇనుప గార్డుల మీద చర్య తీసుకోవాలని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. పాదచారికి తగిలితే ప్రాణాంతకం, పైగా గుద్దుకున్నప్పుడు దెబ్బ ఛాసిస్‌కు చేరే తీరు మారిపోయి ఎయిర్‌బ్యాగ్ సమయానికి తెరుచుకోకపోవచ్చు.

బీమా కంపెనీకి చెప్పకుండా చేయించిన మార్పులు క్లెయిమ్ రోజున ఎదురొస్తాయి. పాలసీ కాగితాలు తీసి చదవండి.

ఎత్తుబండి
ఇలా చూస్తే ఏ మార్పూ చేయకూడదు. అందరూ చేయిస్తున్నారు కదా.

ఫైలుమనిషి
అందరూ చేయిస్తున్నారు, క్లెయిమ్ మాత్రం ఒక్కొక్కరే వేస్తారు. కంపెనీ ఆ మోడల్‌కు తానే ఇచ్చే మరో టైరు కొలతకు మారడం, తాళ్లు, పార, కంప్రెసర్ వీటికి ఏ ఇబ్బందీ లేదు. గాలిగేజి గారు చెప్పిన 16 అంగుళాల చక్రాలు అందుకే నాకు నచ్చాయి.

మొదటిబండి_మియాపూర్
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నేను కొత్త. థార్‌కు 650 మిల్లీమీటర్ల నీటిలో పోగల శక్తి ఉందని కంపెనీ వివరాల్లో రాశారు. అంటే వాగు దాటవచ్చా?

షెడ్డు_పనిమంతుడు
ఆ అంకె నిలిచిన నీటికి, నెమ్మదిగా పోయే బండికి. పారే నీరు వేరే జంతువు. అడుగు లోతు పారితే చిన్న కారు తేలుతుంది, రెండు అడుగులైతే పెద్ద బండిని కూడా పక్కకు తోసేస్తుంది. మూసీ, ఈసీ మీది లోలెవల్ వంతెనల మీద నీరు పారుతుంటే వెనక్కి తిరగడమే, అందులో చర్చ లేదు.

నిలిచిన నీరైనా ముందు కర్రతో నడిచి చూడండి. నీటి మధ్య ఇంజను ఆగితే మళ్లీ స్టార్ట్ చేయవద్దు. నీరు నలగదు, సిలిండర్‌లో నీరుంటే పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. తడిసిన ఇంజనును ఒక్క తాళం తిప్పుడుతో పూర్తిగా పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

ఇంకోటి, ఎవరూ పట్టించుకోనిది. దారిలో వేడెక్కిన ఇరుసు చల్లని నీటిలో మునగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, గాలి ఆడేందుకు ఉన్న బ్రీదర్ గొట్టం గుండా బయటి నీటిని పీల్చుకుంటుంది. పది రోజుల తర్వాత ఆయిల్ విప్పి చూస్తే పాలు ఎక్కువైన కాఫీలా ఉంటుంది. నీటిలో దిగి వచ్చిన ప్రతిసారీ డిఫరెన్షియల్ ఆయిల్ చూపించండి. బ్రీదర్ గొట్టాన్ని పైదాకా పొడిగించడం చవకైన పని, ఎత్తించడం కంటే ఎన్నో రెట్లు ఉపయోగం.

మొదటిబండి_మియాపూర్
రాసి పెట్టుకున్నాను. నా బండి ఇంకా 3,000 కిలోమీటర్లు కూడా తిరగలేదు, భయంగానే ఉంది.

పాతజిప్సీ
భయం ఉన్నవాడు దిగి నడిచి చూస్తాడు. మీరు బాగా నడుపుతారు.

కూకట్‌పల్లి_జిమ్నీ
జనవరి రాళ్ల దారి సంగతికి వద్దాం. డిఫరెన్షియల్ లాక్ (రెండు పక్కల చక్రాలనూ ఒకే వేగంతో తిప్పేది) ఉండాలా? ఫోర్స్ గూర్ఖాకు ముందూ వెనుకా రెండు లాకులూ కంపెనీ నుంచే వస్తాయి. నాకు లేదు, బ్రేకు పట్టి పక్క చక్రానికి శక్తి పంపే ఏర్పాటు మాత్రమే ఉంది.

పాతజిప్సీ
ఉంటే మేలు. లేకపోయినా నాలుగు చక్రాలూ నేల మీద ఉండే దారి వెతుక్కోవచ్చు. ఏటవాలుగా పక్కకు ఒరిగిన నేల మీద వెనక రెండు చక్రాలూ లాక్ అయితే రెండూ ఒకేసారి తిరిగి బండి తోక కిందికి జారుతుంది. గచ్చిబౌలి గారి బండికి తనంతట తాను పట్టుకునే లాకు ఉండి ఉంటే, ఆ రోజు జారడంలో దాని పాత్ర కూడా కొంత ఉండవచ్చు.

మన గ్రానైట్ గురించి ఒక మాట. పొడిగా, శుభ్రంగా ఉన్న బండ మీద టైరు బల్లిలా అంటుకుంటుంది. అదే బండ మీద రాలిన గరుసు పలచగా పరుచుకుని ఉంటే గోళీల మీద నడిచినట్టే. అందుకని ఎక్కే ముందు దిగి, చీపురు కాకపోయినా కాలితోనైనా ఆ రెండు చక్రాల దారి ఊడ్చండి. నేను వేపకొమ్మ విరిచి ఊడుస్తాను. నవ్వేవాళ్లు నవ్వుతారు, బండి మాత్రం ఎక్కుతుంది.

రాయిని రెండు చక్రాల మధ్యకు తీసుకోవద్దు, చక్రాన్నే దాని మీదకు ఎక్కించండి. వెనక గుండు ఎక్కడుందో షెడ్డు గారు చెప్పారు కదా. బొటనవేళ్లు స్టీరింగ్ లోపలికి పెట్టకండి. చక్రం రాయికి కొట్టుకున్నప్పుడు స్టీరింగ్ తిరిగి వేలు విరుస్తుంది. బయట నుంచి దారి చూపేవారు ఒక్కరే ఉండాలి, నడిపేవారు ఆ ఒక్కరి చేతినే చూడాలి. నలుగురు నాలుగు రకాలుగా అరిస్తే వచ్చేది బంపర్ ఖర్చు.

ఎత్తు మధ్యలో బండి ఆగిపోతే క్లచ్ తొక్కి వదిలేయకండి. బ్రేకు గట్టిగా పట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, లో రేంజిలో రివర్స్ గేరు వేసి, వచ్చిన దారినే నేరుగా వెనక్కి దిగండి. అక్కడే పక్కకు తిప్పుకుందామనుకుంటే బండి బోర్లా పడుతుంది.

గాలిగేజి
బండి పొడి తారు మీద ఉన్నంతసేపు ఫోర్ హై వేసుకోకండి, అది కూడా కలపండి. ముందు, వెనక షాఫ్టులు ఒకే వేగంతో తిరగాల్సి వచ్చి మలుపులో గేర్లు బిగుసుకుంటాయి.

నేలగుణం
ఎక్కడికి వెళ్లకూడదో కూడా రాయాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీ శాఖ తీసుకెళ్లే సఫారీ తప్ప మన బండితో రోడ్డు దిగడం నేరం. రాచకొండ వైపు రిజర్వు అడవి ఉంది, అనుమతి లేకుండా చక్రం పెట్టవద్దు. వేసవిలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అడుగు ఎండితే మైదానంలా కనిపిస్తుంది, కొందరు అక్కడ గింగిరాలు కొడుతుంటారు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన జలాశయాలు అవి, నగరం తాగిన నీళ్లు. కారే డీజిలు, ఆయిలు ఎక్కడికి పోతుందో వాళ్లు ఆలోచించాలి. నాకు దీని మీద కోపం ఆగదు.

ఎత్తుబండి
ఈ ఒక్క విషయంలో మీతో నూటికి నూరు.

గచ్చిబౌలి_థార్
వెళ్లి వచ్చాను. బండి తారు రోడ్డు పక్కనే పెట్టి రెండు కిలోమీటర్లు నడిచాం. నేలగుణం గారు చెప్పినట్టే ఎనిమిదో అడుగుకు చెప్పులు చేతిలోకి వచ్చాయి. చేను ఆ రైతుది కాదట, కౌలుకు చేస్తున్నారు. మేం వచ్చామని తెలిసి ఆయన భార్య కూడా వచ్చింది. తెగిన చోట్ల ఒకటి ఆయన అప్పటికే పూడ్చుకున్నారు. రెండోది ముగ్గురం కలిసి పూడ్చాం. పార పట్టుకోవడం ఆయనే చూపించారు. గట్టు మీద గడ్డి దుబ్బులు పెకలించి తెచ్చి, వేళ్లు కిందికి ఉండేలా పరిచి, కాళ్లతో తొక్కించారు. డబ్బు ఇస్తే మొదట తీసుకోలేదు, నలిగిన చాళ్ల లెక్క కట్టి చెప్పమంటే చెప్పారు, అంతే ఇచ్చాం. మొత్తం నలభై రెండు మొక్కలు. నేను లెక్కపెట్టాను.

అలైన్‌మెంట్ అయింది. స్పేసర్లు తీయించేశాను. ఎత్తుబండి గారూ, కోపగించుకోకండి, నాకు ఇంకా దాని అవసరం రాలేదు అనిపించింది. 16 అంగుళాల చక్రాలు పాతవి ఒక చోట చూశాను.

ఎత్తుబండి
కోపం ఎందుకు? అవసరం వచ్చినప్పుడు స్పేసర్ కాదు, మంచి స్ప్రింగులు, షాకులు కలిపి వేయించండి. నేను మొదట చేసింది కూడా స్పేసరే, ఏడాదిలో మార్చాను. అది ముందే చెప్పి ఉండాల్సింది.

చేవెళ్ల_చేను
బాబూ, గడ్డి దుబ్బులకు రెండు వానలు పడితే వేళ్లు పడతాయి. ఆ వైపు పోతే ఒకసారి చూడండి. జనవరిలో కంది కోతలు, బాటల మీద ట్రాక్టర్లు ఉంటాయి, దారి ఇవ్వండి.

లాగుడుతాడు
జనవరికి ఎవరెవరు? పండుగ తర్వాత వచ్చే ఆదివారం అయితే నేను వస్తాను. సొంత స్థలం ఉన్న మిత్రుడు ఇబ్రహీంపట్నం దాటాక ఉన్నాడు, ఆయన గుట్టలోనే రాళ్లున్నాయి, ఎవరి చేనూ దాటనక్కర్లేదు. నా బండి కాక నాలుగు బండ్లు మించకూడదు.

కూకట్‌పల్లి_జిమ్నీ
ఒకటి.

గచ్చిబౌలి_థార్
రెండు. తాడు, షాకిళ్లు, పార నా దగ్గర ఉన్నాయి. కంప్రెసర్ ఇంకా రాలేదు.

గాలిగేజి
మూడు. కంప్రెసర్ నాది వాడుకోండి.

మొదటిబండి_మియాపూర్
నా బండి తేను. కూర్చుని చూడటానికి రావచ్చా?

పాతజిప్సీ
నాలుగో బండి నాది. మీరు నా పక్కన కూర్చోండి. ఉదయం ఆరుకు సాగర్ రింగ్ రోడ్డు దగ్గర. వేపకొమ్మ నేను తెస్తాను.